పేరు లేని పాదం

ఇలా దగ్గరికి జరగండి. గుమ్మంలో కూర్చుంటే నా గొంతు అక్కడిదాకా రాదు, సగం ఆ ఫ్యానే మింగేస్తుంది. చేతిలో ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. ఇది కంప్యూటరు కథే, మీకు తెలిసిన వ్యవహారమే. నా చదువు రెండో తరగతితో సరి. అయినా ఈ కథ నాకంటే బాగా చెప్పగల మనిషి ఇప్పుడు లేడు. అందుకని నేనే చెప్పాలి.

ఆ రోజు నేను గది ఊడ్చడానికి వెళ్లేసరికే టైపు బాబు కంప్యూటరు మీటలన్నీ పాత టూత్‌బ్రష్షుతో తుడిచి, కుర్చీకి కట్టిన దిండును రెండు సార్లు గుద్ది, కూర్చున్నాడు. టైపు బాబు అనేది మేం పెట్టుకున్న పేరు. కాన్పుల ఆసుపత్రిలో రికార్డు గది గుమాస్తా. సన్నటి మనిషి, మెడ కాస్త ముందుకు వంగి ఉండేది. చొక్కా జేబులో కలం పక్కన దువ్వెన, దువ్వెన పక్కన ఆ బ్రష్షు. చిన్నప్పటినుంచీ టైపు మిషను కొట్టీ కొట్టీ వేళ్ల చివరలు చదునైపోయాయి. కంప్యూటరు వచ్చి పదిహేనేళ్లయినా మిషను అలవాటు మాత్రం పోలేదు. ఒక పేరు పూర్తి కాగానే ఎడమ చెయ్యి దానంతట అదే గాల్లోకి లేచి, వరుస మార్చే పిడి అక్కడ ఉన్నట్టే పక్కకు నెట్టి, దిగేది. నర్సులు ఆ చేతిని చూసి నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. చెయ్యి మాత్రం లేవడం మానలేదు.

నేను అక్కడ ఆయమ్మను. మా ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉండేది. బిడ్డ పుట్టగానే ఒళ్లు కడిగి, అరికాలికి సిరా పూసి, అట్టముక్క మీద అచ్చు తీసేవాళ్లం. ఆ పని నాది. అచ్చు అట్ట మీద, అంకె అట్ట వెనక, పేరు రిజిస్టరులో. ఎన్ని పాదాలు తీశానో చెప్పమంటే చెప్పలేను గానీ, పాదం చూపిస్తే ఆ కాన్పు ఎలా జరిగిందో, ఆ రోజు ఎండో వానో చెప్పగలను.

ఆసుపత్రిని మూసేసి ఊరవతల కొత్త భవనంలోకి మారుస్తామన్నారు. చెదలు తిన్నవి పోగా నాలుగు వేల పాదాలు మిగిలాయి. వాటన్నిటినీ రిజిస్టరు వరుసలోనే ఫొటో తీసి కంప్యూటరులో దాచారు. ఆ ఫొటోలకు పేర్లు పెట్టుకున్నది కంప్యూటరు. అదేం పేరు పెడుతుంది, అంకెలు పెట్టింది. వాటిని మనుషుల పేర్లుగా మార్చడం టైపు బాబు పని. మిగిలిన పాదాల పేర్లన్నీ రిజిస్టరు చూసి, అదే వరుసలో ఒక జాబితాగా ముందే కొట్టుకున్నాడు. అంకెలే చాలు, అరికాళ్లు చూసుకోవడానికి ఎవరొస్తారండీ అని సూపరింటెండెంటు మేడమ్ అంది. ఆయన సరేనండీ అని తలూపి, వచ్చి పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు.

ఎలా మార్చేవాడో నేను చూస్తూ నేర్చుకున్నాను. మీటల పలకలో పై వరుస, ఎడమ నుంచి మూడోది. దాన్ని కొడితే పాత పేరు నీలంగా మెరిసి, నన్ను మార్చుకో అన్నట్టు నిలబడేది. చిటికెన వేలు కింది మూల మీట మీద ఆనించి ఇంకో మీట తడితే, జాబితాలోని పేరును ఎత్తుకోవడం. దాని పక్క మీట తడితే, దించడం. బిడ్డను ఎత్తుకుని ఉయ్యాల్లో దించినట్టే ఉండేది నాకు. అడ్డంగా ఉన్న ఇంకో మీటతో తరవాతి పాదం దగ్గరికి. ఎలుకబొమ్మను, అదే మీ మౌసును, ముట్టుకునేవాడే కాదు. అది బద్ధకస్తుల పని అనేవాడు.

అలా చేతులతో మార్చుకుంటూ పోతే పదవీ విరమణ నాటికి పావువంతు కూడా అవదని లెక్క తేలింది. అప్పుడు ఆయన ఒక లావుపాటి పుస్తకం తెచ్చుకుని మూడు వారాలు దానితో కుస్తీ పట్టాడు. కంప్యూటరుకు నాలుగంటే నాలుగు వాక్యాల ఆజ్ఞ రాశాడు. జాబితాలోని మొదటి పేరు మొదటి పాదానికి, రెండోది రెండోదానికి, అలా చివరిదాకా దానంతట అదే పెట్టుకుపోవాలి. మొదలుపెట్టే ముందు పాత అంకెలన్నిటికీ ఒక నకలు దాచుకున్నాడు. కార్బను కాగితం పెట్టకుండా ఏనాడూ టైపు కొట్టలేదు ఆయమ్మా అన్నాడు.

నేను చెప్పే రోజు ఆయన ఆఖరి రోజు. పొద్దున పదింటికి ఆ ఆజ్ఞను నడిపించాడు. అంకెలన్నీ పేర్లయిపోతూ తెర మీద పైకి పాకాయి, గోడ మీద పొద్దుటెండ పాకినట్టు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. ఆ రెండు నిమిషాలూ ఎడమ చెయ్యి మాత్రం చిన్నగా కదులుతూనే ఉంది. సాయంత్రం ఐదింటికి కొత్త ఆసుపత్రి మనిషి వచ్చి డిస్కు పట్టుకుపోతాడు. రిజిస్టర్లు ముందురోజే లారీ ఎక్కాయి. అట్టముక్కలు వారం కిందటే కాగితం మిల్లుకు పోయాయి. ఇక ఆ డిస్కులో ఏ పేరు కింద ఏ పాదం ఉంటే అదే ఆ మనిషి పాదం, కలకాలం.

పదకొండింటికి బస్సు డ్రైవరు వచ్చాడు, భుజం మీద కూతురితో. ఆసుపత్రి మూసేస్తున్నారట, నేను ఇక్కడే పుట్టాను, నా కాలి అచ్చు ఒకసారి దీనికి చూపించి పోతాను సార్ అన్నాడు. టైపు బాబు ముఖం వెలిగిపోయింది. పేరు అడిగాడు, టకటక కొట్టాడు, పాదం తెర మీదికి వచ్చింది.

డ్రైవరు దగ్గరికి వంగి చూశాడు. చెప్పు విడిచి, కాలు పైకెత్తి బల్ల అంచున పెట్టాడు.

"సార్, నాకు ఆరు వేళ్లు. ఇందులో ఐదే ఉన్నాయి. మిగతాది మీరు దాచుకున్నారా?"

కూతురు పకపకా నవ్వింది. నేను ఊడ్చే చీపురు అక్కడే వదిలేశాను. ఆ ఆరు వేళ్ల వాడిని కడిగింది నేనే. 'ఆరువేళ్ల దొరా' అని పిలిచాను కూడా. ప్రతి బిడ్డకూ ఒళ్లు కడిగేటప్పుడు ఏదో ఒక పేరు తగిలించేదాన్ని. మిరపగింజ, గుమ్మడిపండు, ముసలి తాత, ఏది తోస్తే అది. వాళ్ల అసలు పేరు వచ్చేదాకా అదే పేరు.

టైపు బాబు తరవాతి పాదం తెరిచాడు. ఆరు వేళ్లూ అక్కడున్నాయి, ఇంకెవరిదో పేరు కింద. ఆయన జాబితా చివరికి వెళ్లి చూశాడు. నాలుగు వేలవ పాదం పేరు అందక అంకెతోనే మిగిలిపోయి ఉంది. సంతోషంలో పొద్దున అంతదూరం చూసుకోలేదు. ఎక్కడో ఒక పేరు తగ్గింది. అక్కడినుంచి ప్రతి పేరూ ఒక అడుగు ముందుకు జరిగి, ముందున్న వాళ్ల పాదం ఎక్కి కూర్చుంది.

మేడమ్‌కు చెబితే, ఎవరికి తెలుస్తుందండీ వదిలేయండి అంది. ఆయన బల్ల దగ్గరికి తిరిగొచ్చాడు. తరవాత నాకొక కుర్చీ లాగాడు. అంతకుముందు ఆ గదిలో నేనెప్పుడూ కూర్చోలేదు.

"ఎక్కడ జారిందో కనిపెట్టాలి ఆయమ్మా. కాగితాలన్నీ పోయాయి. నీ జ్ఞాపకమే ఉంది."

వరుసకు సరిగ్గా నడిమధ్య పాదం తీశాడు. దర్జీగారి కవలల్లో రెండోవాడని పేరు చదివాడు. వాడు తన్నేశాడు, మడమ ఒక్కటే పడింది అన్నాను. తెర మీద నిండు పాదం ఉంది. తప్పు. అంటే జారింది ఇంకా పైన. పై సగంలో మళ్లీ మధ్యది తీశాడు. పోస్టుమాను కూతురు, నెలలు నిండకుండా పుట్టింది, దాని పాదం నా బొటనవేలంత అన్నాను. తెర మీద బొటనవేలంత పాదమే ఉంది. ఒప్పు. ఆ రెంటికీ మధ్యది. పంతులుగారబ్బాయి, మడమ పక్కన నా వేలిముద్ర పడాలి. లేదు. తప్పు. అలా సగం, అందులో సగం, అందులో సగం. కొన్నిచోట్ల గుర్తున్న పాదం దొరకక అటో ఇటో జరిగాం. అన్నం డబ్బా మూత తియ్యలేదు. డ్రైవరు ఎప్పుడో వెళ్లిపోవలసినవాడు, నా ఆరోవేలు తేలేదాకా కదలను అని గుమ్మం దగ్గర చతికిలబడి, కూతురికి మా ఇద్దరి మాటలూ వర్ణించి చెబుతున్నాడు.

మూడయ్యేసరికి ముప్పై పాదాలు మిగిలాయి. ఇక టైపు బాబు కింది బాణం మీటతో ఒక్కొక్కటే దిగుతున్నాడు. వేలు మెల్లగా పడుతోంది. చెక్కపనివాళ్ల మూడోవాడు, ఒప్పు. ఆ తరవాత జాబితాలో ఒక వరుస ఖాళీగా ఉంది. దాని తరవాత నర్సమ్మ కూతురు. ఖాళీ వరుస కనిపిస్తే ఆ నాలుగు వాక్యాల ఆజ్ఞ దాన్ని వరుసే కాదనుకుని దాటేసింది. అంతే జరిగింది.

ఆయన చెయ్యి గాల్లోకి లేచి, అక్కడే ఆగిపోయింది.

పొద్దుననే ఆయనకు అనుమానం వచ్చి ఉండాలి. వచ్చినా ఆ పక్కకు వెళ్లడానికి మనసు రాలేదేమో. చెక్కపనివాళ్ల మూడోవాడికీ నర్సమ్మ కూతురికీ మధ్య పుట్టింది ఎవరో నాకు గుర్తే.

ముప్పై ఒక్క ఏళ్ల కిందటి మాట. అదే గదిలో ఆయన టైపు కొడుతున్నాడు, పై అంతస్తులో ఆయన భార్య పురిటి నొప్పులు పడుతోంది. మందు కావాలంటే బజారుకు పరిగెత్తాడు. ఆ మందు మూడు కొట్లలో లేదు. తిరిగి వచ్చేసరికి బిడ్డ పుట్టింది, గంట బతికింది, పోయింది. పెద్దవాళ్లు తీసుకెళ్లిపోయారు కూడా. ఆయన కళ్లతో చూడలేదు. కడిగింది నేను. అచ్చు తీస్తుంటే, పోయినదానికి ఎందుకే అంది పెద్ద నర్సు. పాదం ఉంది కదమ్మా అన్నాను. ఆ సాయంత్రం రిజిస్టరు రాసింది ఆయనే. బరువు రాశాడు, వేళ రాశాడు. పేరు పెట్టకుండా పోయిన బిడ్డలకు ఫలానా వారి పాప అని రాయాలన్న నియమం పెట్టింది ఆయనే. ఎందరికో అలాగే రాశాడు. ఆ ఒక్క వరుసలో రాయలేకపోయాడు. తరవాత ఇద్దరు కొడుకులు పుట్టారు, పెరిగారు, పెళ్లిళ్లయ్యాయి. ఆ వరుస అలాగే ఉంది. జాబితా కొట్టేటప్పుడు కూడా అలాగే ఖాళీగా వదిలేశాడు.

పాదం తెరిచాడు. ముప్పై ఒక్క ఏళ్లు నాకు బల్లకు అవతల కనిపించిన మనిషి, మొదటిసారి పక్కనుంచి కనిపించాడు.

"ఆయమ్మా, నువ్వు అందరినీ ఏదో ఒకటి పిలుస్తావుగా. దీన్నేమని పిలిచావు?"

"గువ్వ అన్నాను బాబూ. చేతిలో పెట్టుకుంటే గువ్వలాగే వెచ్చగా ఉంది. గుప్పిట్లో గుండె కొట్టుకుంటోంది."

"విన్నదా?"

"వినకేం. నావైపు తల తిప్పింది."

మీటల పలకను దగ్గరికి లాక్కున్నాడు. తరవాత ఆ ఖాళీ వరుసలో పేరు కొట్టాడు. ఎత్తుకోవడం, దించడం ఏమీ లేదు. ఒక్కో అక్షరమే, నిదానంగా కొట్టాడు. దాచిన నకలుతో పేర్లన్నిటినీ మళ్లీ అంకెలు చేసి, ఆజ్ఞను మళ్లీ నడిపించాడు. తెర మీద ఆ ఎండ మళ్లీ పాకింది. ఈసారి చివరి పాదానికి కూడా పేరు అందింది. డ్రైవరుకు ఆరు వేళ్లూ దొరికాయి. కూతురు తెర మీద వేలు పెట్టి ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి, సరేపద నాన్నా అంది.

వాళ్లు వెళ్లాక, ఆ నాలుగు వేలలో ఒక్క పాదాన్ని ఆయన మళ్లీ చూసుకున్నాడు. ఆజ్ఞ పెట్టిన పేరు ఉండగానే, పై వరుసలో మూడో మీట కొట్టాడు. పేరు నీలంగా మెరిసింది. అదే పేరు చేత్తో మళ్లీ కొట్టాడు. అది మాత్రం మిషను పెట్టిన పేరుగా ఉండకూడదనుకున్నాడేమో. నేనడగలేదు.

తరవాత బల్ల మీది ఫోనులో ఇంటికి చేశాడు. "ఆ వరుస నింపాను" అన్నాడు. అవతల ఆయన భార్య ఏమందో నాకు తెలియదు. ఈయన గువ్వ అని ఒక్క మాట చెప్పి, రిసీవరు చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాడు.

ఐదింటికి డిస్కు వెళ్లింది. ఐదుంపావుకు ఆయన వెళ్లాడు. దిండు విప్పి చంకలో పెట్టుకున్నాడు. దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. వస్తాను ఆయమ్మా అన్నాడు, రేపు మళ్లీ వచ్చేవాడిలాగే. రెండేళ్ల తరవాత నిద్రలోనే పోయాడని పెద్ద కొడుకు చెబితే తెలిసింది. ఆ రోజు నేను వెళ్లాను. ఆయన భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ తల తిప్పిన సంగతి ఇంకోసారి చెప్పు అంది. చెప్పాను.

ఇదీ సంగతి. నేను ఎన్నాళ్లుంటానో తెలియదు గనక మీకు అప్పగిస్తున్నాను. ఇంకెవరికైనా చెప్పేటప్పుడు ఆరు వేళ్లు మర్చిపోయినా ఫరవాలేదు, లెక్కలు తప్పినా ఫరవాలేదు, గువ్వ పేరు మాత్రం వదలకండి. ఆ పేరు దగ్గర వరుస మళ్లీ ఖాళీ కాకూడదు.

పాత సామానంతా పారేస్తుంటే నేను అడిగి తెచ్చుకున్న మీటల పలక అదిగో, నా మంచం పక్క కిటికీలో ఉంది; పై వరుసలో ఎడమ నుంచి మూడో మీట మీద అక్షరం చెరిగిపోయింది, వేలు పెడితే చిన్న గుంట తగులుతుంది.