మురుగు పైపు పడేదాకా

విడాకులు వచ్చిన మర్నాడు కూడా ఆయన చొక్కాలు నేనే ఉతికాను. అలవాటు కొద్దీ అనుకుంటారేమో, కాదు. నా బట్టలు నానబెడుతుంటే అత్తయ్య ఆయనవి తెచ్చి అదే బకెట్లో పడేసింది. "నీళ్ళెలాగూ పట్టావుగా" అంది. విడాకుల సంగతి ఆ బకెట్‌కి ఎవరూ చెప్పలేదు మరి.

ఇంకా అక్కడే ఎందుకున్నావంటే, పోవడానికి ఇల్లు లేక. మా ఊళ్ళో కొత్త ఇళ్ళు లేచి ఏళ్ళయింది. ఏ ప్లానూ పాసవదు. ఎక్కడైనా ఒక వాటా ఖాళీ అయితే గుమ్మం ముందు పెళ్ళికొచ్చినంత జనం. నేను ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే పని చేస్తాను, అద్దె కట్టుకోగలను. అయినా "ఒక్కరేనా? మీవారేం చేస్తారు?" అని అడిగిన వాళ్ళకి నిజం చెప్పగానే, ఎవరో చుట్టాలు దిగుతున్నట్టు హఠాత్తుగా గుర్తొచ్చేది. పుట్టిల్లు ఎప్పుడో లేకుండా పోయింది. ఇల్లు దొరికేదాకా నేను చిన్న గదిలో ఉండేట్టు ఒప్పుకున్నాం. ఆయన పెద్ద గదిలో, అత్తయ్య హాల్లో. వంటింట్లో ఎవరుండాలో ఎవరూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోని పనులన్నీ నావే అయ్యాయి. ల్యాబులో మా పెద్దాయనైతే "సంసారం గొడవ తీరిపోయిందిగా తల్లీ, ఆదివారాలు నువ్వే చూసుకో" అన్నాడు. భర్త ఉన్నప్పుడు ఇంట్లో సెలవు లేదు, భర్త పోయాక బయటా లేదు. పోయాక అంటున్నానుగానీ ఆయన పక్క గదిలోనే గురక పెడుతున్నాడు.

ఆ రోజుల్లోనే మా వీధి చివర పాడుబడ్డ గోడౌను పడగొట్టి ఒంటి గది ఇళ్ళు కడతారని తెలిసింది. గది, వంటిల్లు, బాత్‌రూము, అంతే. నాకు అంతకన్నా ఏం కావాలి? కానీ వీధివాళ్ళు సరేనంటేగానీ ప్లాను పాసవదు. వీధి సంఘానికి కార్యదర్శి ఆయనే. మీటింగు మా హాల్లోనే పెట్టారు. టీ నేనే ఇచ్చాను.

"ఐదంతస్తులు లేస్తే మనకి ఎండ రాదు" అన్నాడు ఎదురింటి రిటైర్డ్ లెక్చరరు.

"ఒంటి గదుల్లో ఎవరుంటారండీ? సంసారులైతే ఉండరుగా" అంది మూలింటావిడ, నా చేతిలోంచి కప్పు అందుకుంటూ.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. అభ్యంతరం రాసి అందరూ సంతకాలు పెట్టారు. "నువ్వూ పెట్టు, ఈ ఇంట్లోనేగా ఉంటున్నావు" అన్నాడాయన. చేతులు తడిగా ఉన్నాయని వంటింట్లోకి వెళ్ళిపోయాను. నాకు చేతనైన తిరుగుబాటు అంత.

తర్వాత ఏడాదికి కొత్త చట్టం వచ్చింది. నిబంధనల ప్రకారం కట్టే ఇంటికి ఇరుగుపొరుగు ఒప్పుకోనక్కర్లేదని దాని సారాంశం. పేపర్లో ఆ వార్త చదివి, రక్తం ఇవ్వడానికొచ్చిన ముసలాయన చెయ్యి పట్టుకుని "ఇళ్ళు కడతారటండీ!" అన్నాను. ఆయన భయపడి చెయ్యి లాక్కున్నాడు. చూస్తుండగానే భవనం లేచింది. దరఖాస్తు పెడితే మూడో అంతస్తులో నాకొక గది కేటాయించారు. డ్యూటీ నుంచి వస్తూ రోజూ ఆగి చూసేదాన్ని. నా కిటికీ ఏదో నాకు తెలుసు. వీధిలో నిలబడి, ఆ గదిలో ఏం చేస్తానా అని ఊహించుకునేదాన్ని. ఎప్పుడూ ఒకటే ఊహ, ఏమీ చెయ్యకుండా కూర్చోవడం.

రంగులు వేశారు, తలుపులు పెట్టారు. తాళాలు మాత్రం ఇవ్వలేదు. మురుగు పోవడానికి పాత పైపు చాలదట. కొత్తది వెయ్యాలంటే మా వీధి తవ్వాలి. వీధి తవ్వాలంటే వీధి సంఘం ఒప్పుకోవాలి. ఇళ్ళకున్న అడ్డు తీసేసిన పెద్దలకి పైపుల సంగతి తట్టలేదు.

ఆ రోజు మొదటిసారి ఆయన్ని బతిమాలాను. "ఒక్క సంతకం పెట్టండి. నేను వెళ్ళిపోతాను, మీకూ ఇల్లు ఖాళీ అవుతుంది."

"తవ్వితే దుమ్ము లేస్తుంది. అమ్మకి ఆయాసం, నీకు తెలుసుగా" అన్నాడు. ఆగి, "అవునూ, అందులో నీకూ వచ్చిందా?" అన్నాడు.

నా మీద కక్షతో ఆపాడనుకున్నా కాస్త బాగుండేది. నేను గుర్తే లేను.

ఆరు నెలలకి ఆయనకి ఇంకో సంబంధం కుదిరింది. ఇల్లు చూసుకోవడానికి పెళ్ళికూతురు ఒక్కతే వచ్చింది. బళ్ళో టీచరు, ముప్పై దాటి ఉంటాయి. అత్తయ్య నన్ను "మా దూరపు చుట్టం" అని పరిచయం చేసి ఫోను మోగితే లేచింది. ఆవిడ నా వెనకే వంటింట్లోకి వచ్చింది.

"మీరెవరో నాకు తెలుసండీ" అంది మెల్లగా. "ఒక మాట అడగనా? ఈ ఇంట్లో లోపల గడియ పడే గది ఉందా?"

"చిన్న గదికి ఉంది. ఎందుకమ్మా?"

"అన్నయ్య వాళ్ళింట్లో హాల్లో పడుకుంటానండీ. అందరూ టీవీ కట్టేస్తే అప్పుడు నా నిద్ర. వదినకి నెలలు నిండుతున్నాయి, ఇక ఆ హాలూ ఉండదు." కిటికీలోంచి వీధి చివర భవనం వైపు చూసింది. "అందులో నాకూ వచ్చింది, రెండో అంతస్తు. ఆ పైపేదో పడి ఉంటే ఈ పెళ్ళికి ఒప్పుకునేదాన్ని కాదండీ."

పైపు ఎవరు ఆపారో ఆవిడకి తెలియదు. చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెబితే ఈ పెళ్ళి వద్దంటుంది. వద్దని ఎక్కడికి పోతుంది?

"ఇంకొన్నాళ్ళు ఆగలేరా?" అన్నాను.

"మీరు ఆగారుగా, వచ్చిందా?"

చిన్న గదిలోకి తీసుకెళ్ళి గడియ వేసి చూపించాను. ఆవిడ తీసి మళ్ళీ వేసింది. అప్పుడే అనుకున్నాను, ఈ గది ఆవిడకే వదలాలని, నేను హాల్లో అత్తయ్య పక్కన పడుకున్నా సరే. సంతకం సంగతి నా నోటి వెంట రాకూడదని కూడా అప్పుడే అనుకున్నాను.

ఆవిడ వెళ్ళాక అత్తయ్య ఆత్రంగా వచ్చింది.

"ఏమంటుందే? మావాడు నచ్చాడటా?"

"ఇల్లు నచ్చిందట" అన్నాను.