చుక్క పెట్టిన అక్షరం

సాయిరగుల్ ఆ ఇంగ్లీషు పాటను సగమే నేర్పి చచ్చిపోయింది. తప్పు ఆమెదే. ఆమె భర్త తొలోగోన్ ఏడాదిగా ఈ మాటే అంటున్నాడు.

కిర్గిజ్‌స్థాన్‌లోని నారిన్ ఊరి బడిలో ఆమె ఇరవై ఆరేళ్లు ఇంగ్లీషు చెప్పింది. సంవత్సరీకం నాడు బడివాళ్లు సభ పెట్టి, ఆమె రాసిన పాటను భర్తే పాడాలన్నారు. అతను చదివిన పల్లెటూరి బడిలో ఇంగ్లీషు లేదు. ఆమె కిర్గిజ్ అక్షరాల్లో ఆ పాట రాసిపెట్టిన నోటుబుక్కునే నమ్ముకున్నాడు.

వేదిక మీద ఆమె ఫొటో. తొలోగోన్ కంబళి టోపీ సర్దుకుని, పొట్టనిండా ఊపిరి పట్టి, ఫొటోవైపు తిరిగి గొంతెత్తాడు. గొంతుకు వంక లేదు. పల్లవి చివర 'థాంక్ యూ'ని 'సాంక్ యూ' అన్నాడు. ముందు వరుసలో పిల్లలు కిసుక్కుమన్నారు. రెండోసారి హాలంతా నవ్వింది. మూడోసారి ఎవరూ నవ్వలేదు. తలలు దించుకున్నారు.

తెర వెనక మరదలు జిపార్‌ని నిలదీశాడు.

"ఎందుకే ఆ నవ్వులు?"

"నువ్వు కృతజ్ఞత చెప్పలేదు బావా. 'సాంక్' అంటే ముంచడం. 'నిన్ను ముంచేశాను' అన్నావు. అక్క ఫొటో చూస్తూ, మూడుసార్లు."

"బుక్కులో 'స' అనే ఉందిగా! మీ అక్క రాతే."

జిపార్ పేజీ తిప్పి వేలు పెట్టింది. "దీని కింద చుక్కేంటి?"

"సిరా మరక."

"ప్రతిచోటా ఆ ఒక్క అక్షరం కిందే పడిందా మరక? నాలుక కొన పళ్ల మధ్య పెట్టి గాలి వదలమని గుర్తు. మన అక్షరాల్లో ఆ శబ్దం లేదుగా, అక్కే కనిపెట్టుకుంది. నీకు చెప్పలేదా?"

చెప్పబోయింది సాయిరగుల్. రెండేళ్ల కిందట, ఈ పాట సాధనలో, తోటి పాటగాళ్లు పదిహేను మంది ఎదుట నాలుక కొన బయటపెట్టి, "ఇదిగో, ఇలా" అంది.

"ఎండకు కుక్క చాపినట్టు చాపుతావేంటే, సిగ్గులేదూ!" అన్నాడు తొలోగోన్. అందరూ పడీపడీ నవ్వారు. ఆమె నోరు మూసుకుంది. మళ్లీ సాధనకు రాలేదు.

ఇప్పుడతని చెవులు భగ్గున మండాయి.

"ఒక్కసారి నాలుక పెట్టి చూడు బావా. భోజనాల దగ్గర మళ్లీ పాడుదువుగాని. నోటినిండా నూనెలో వేయించిన బొర్సోక్ ముక్కలుంటే ఎవడు నవ్వుతాడులే."

నాలుక పళ్లదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. నోటుబుక్కు మూసి కోటు లోపలికి తోశాడు.

"పోనీ, అక్క సరిగా నేర్పలేదని చెప్పనా వాళ్లకి?"

"చెప్పకు," అన్నాడు. "ఆ పాట మాట నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను. చచ్చేదాకా ఎత్తను."