ఛాయ చేతిలో రిమోట్

పడమటి తీరాన హజీరాలో ఇంజనీరుగా పనిచేసే గురుమూర్తికి రిమోట్ విమానాలు తయారుచేయడమంటే పిచ్చి. ఫోము షీటు కోసి రెక్కలు చేసేవాడు. అవి వంగకుండా బాల్సా అనే తేలికైన చెక్క పుల్లలు లోపల అతికించేవాడు. తయారీలో అతనికి వంక పెట్టేవాళ్లు లేరు. చిక్కంతా ఎగరేయడంలోనే. పైకి లేచిన విమానం గిరగిరా తిరిగి ముక్కు పగలగొట్టుకునేది.

2008 చలికాలంలో ఒక ఆదివారం డుమస్ బీచ్‌లో విసుగెత్తి, రిమోట్ భార్య ఛాయాదేవి చేతికిచ్చాడు.

"నేను విసురుతా. నువ్వు చూసుకో."

విమానం ఒకసారి తూలి, నిలదొక్కుకుంది. సముద్రం మీద చక్కగా ఓ చుట్టు తిరిగి వచ్చి, ఆమె ముందే తడి ఇసుక మీద దిగింది.

"ఎలా చేశావు?" అన్నాడు గురుమూర్తి.

"ఏమోనండీ. అదెటు పోబోతోందో ముందే తెలిసిపోతోంది."

అక్కడే విమానాలు ఎగరేసే కేతన్‌భాయ్ పరుగెత్తుకొచ్చాడు. "భాభీ, కమాల్ కర్ దియా!" అని మెచ్చుకుని, గురుమూర్తి భుజం తట్టి, బ్యాటరీలు మోయడానికి వచ్చావా అని హిందీలో నవ్వాడు. చుట్టూ చేరినవాళ్లంతా నవ్వారు. ఛాయ కూడా నవ్వింది. ఆ నవ్వే గురుమూర్తికి గుచ్చుకుంది.

ఆ రాత్రి పులుసులో ఉప్పెక్కువైందని కంచం తోసేశాడు. ఉప్పు సరిగ్గానే ఉంది.

తర్వాతి ఆదివారం గాలి ఎక్కువగా ఉన్నా, తానే ఎగరేస్తానని పట్టుబట్టాడు. పైకి వెళ్లగానే విమానం అదుపు తప్పింది.

"ఇటివ్వండి, దింపుతాను!" అంది ఛాయ.

"అక్కర్లేదు."

"ఏమండీ, పడిపోతోంది!"

ఆమె చెయ్యి చాస్తే మోచేత్తో అడ్డుకున్నాడు. విమానం బురదలో ముక్కు గుచ్చుకుని రెండు ముక్కలైంది.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు వెనక నుంచి ఆమె అడిగింది. "నాకిస్తే దిగేదని తెలుసు కదా?"

"తెలుసు."

"తెలిసే ఇవ్వలేదా?"

గురుమూర్తి స్కూటరు వేగం పెంచాడు.

మర్నాడే ఆమె భోజనాల బల్ల మీద ఫోము షీటు పరిచింది. "నాది నేనే చేసుకుంటాను. మీరు చెయ్యి పెట్టకండి."

అతను పేపరు చాటునుంచి చూస్తూ కూర్చున్నాడు. ఎడమ రెక్క జిగురు ఆరేటప్పుడు కాస్త మెలి తిరిగిపోయింది. అలాగే ఎగరేస్తే పక్కకి పల్టీ కొట్టి పడడం ఖాయం. అది చూసి అతనికి ఎక్కడలేని హాయి కలిగింది. వారమంతా నోరు మెదపలేదు. కేతన్‌భాయ్ ముందు అది ఎలా పడుతుందో తలుచుకుంటూ డ్యూటీకి వెళ్లొచ్చాడు.

ఆదివారం ఆమె ముచ్చటైన చీర కట్టుకుని, విమానాన్ని పసిపిల్లలా పట్టుకుని గుమ్మం దాటబోయింది. ఇక అతనివల్ల కాలేదు.

"ఛాయా, ఎడమ రెక్క మెలి తిరిగింది."

ఆమె రెక్కను కంటికెదురుగా పెట్టుకుని చూసింది. "ఎప్పుడు చూశారు?"

"మొదటి రోజే."

ఆమె చెప్పులు విప్పేసింది. "సరే, ఇవాళ వెళ్లం. ఎలా సరిచేయాలో చెప్పండి. ముట్టుకోకండి."

వేడి గాలి తగిలిస్తూ ఎదురు మెలి తిప్పమన్నాడు. ఆమె తిప్పింది.

మరుసటి వారం అది పక్షిలా ఎగిరింది. ఎవరు చేశారని కేతన్‌భాయ్ అడిగాడు.

"నేనే," అంది ఛాయ, కళ్లు ఆకాశం నుంచి తిప్పకుండా.

రెక్క సరిచేయించింది తానేనన్న మాట గురుమూర్తి నోటిదాకా వచ్చింది. మింగేసి, టమాటా భజియాలు తెస్తానని బజ్జీల బండివైపు నడిచాడు.