ఏడో నంబరు ఫోన్ మీద తగలబడిన ఊరు

నేను ఒక చవకరకం ఫోన్‌ని. నా మీద ఒక ఊరు తగలబడింది. నలభై ఒక్క ఇళ్లు, రెండు బావులు, ఒక ధాన్యపు కొఠారు, అన్నీ కలిపి నిమిషంన్నర. మంట ఆటలోదే కదా, నీకేం తగిలింది అని మీరు నవ్వవచ్చు. తగిలింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నేను తేరుకోలేదు.

పొడవాటి షెడ్డులో నీలం టోపీలు పెట్టుకున్న అమ్మాయిల మధ్య పుట్టాను. నాకు అద్దం అతికించిన అమ్మాయి అతికిస్తూ ఆవులించింది. ఆ ఆవులింత కాస్త నా లోపల ఉండిపోయిందని నా అనుమానం. ఏ పనైనా నేను నెమ్మదిగానే చేస్తాను. మొదట నన్ను ఒక హోమియో డాక్టరుగారి భార్య కొనుక్కుంది. మందార పువ్వు ఫోటో తీసి, దాని కింద శుభోదయం రాసి, రోజూ అరవై మందికి పంపేది. అరవై మందిలో ఒక్కరూ జవాబు ఇవ్వకపోయినా మర్నాడు మళ్లీ పంపేది. ఒకరోజు స్టవ్ గట్టు మీంచి జారిపడి మూల చిట్లాను. చిట్లిన ఫోన్‌ని ఇంట్లో ఉంచుకోకూడదని ఎవరో చెప్పారట. విశాఖపట్నంలో ఒక సెకండ్‌హ్యాండ్ కొట్టుకి చేరాను.

అక్కడికి ఇందుమతి వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. మెడలో కళ్లజోడు తాడు.

"మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా నీరసమైన ఫోన్ ఇవ్వండి" అంది.

కొట్టువాడు బిత్తరపోయాడు. "మేడమ్, మంచిది చూపిస్తాను."

"మంచిది వద్దు. దీనికన్నా కనాకష్టం ఇంకోటి లేదు అనిపించేది కావాలి."

కొట్టువాడు ఏమాత్రం ఆలోచించకుండా నన్ను తీసి ఇచ్చాడు. అది నా జీవితంలో మొదటి దిగ్భ్రాంతి.

ఇందుమతి ఆఫీసు ఒక అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు ఫ్లాటు. హాల్లో ఏసీ, అయిదుగురు మనుషులు, పద్దెనిమిది ఫోన్లు. వెనక వంటిల్లు, అందులో పైడమ్మ. హాలుకీ వంటింటికీ మధ్య ఎనిమిది అడుగులు. ఆ ఎనిమిది అడుగులూ ఇందుమతి తప్ప హాల్లోవాళ్లు ఎన్నడూ నడిచి ఎరగరు. కంచాలే నడిచి వచ్చేవి.

వాళ్ల పనేమిటంటే, 'కోట–కొఠారు' అనే వ్యూహపు ఆటని కంప్యూటరు మీంచి దించి చిన్న యంత్రాల్లో పట్టించడం. ఆ ఆటని పదకొండేళ్ల కిందట ఇందుమతే తయారుచేసింది. ఊరు కట్టాలి, బావి తవ్వాలి, పంట దాచాలి, పొరుగు ఊళ్లతో సఖ్యంగా ఉండాలి, అవసరమైతే యుద్ధం చేయాలి. కంప్యూటరు మీద దానికి నూట ఇరవై బొత్తాలు. టీవీకి తగిలించే ఆటపెట్టెలో సోఫా దూరం నుంచి కనపడాలని అక్షరాలు పెంచారు, బొత్తాలన్నీ బండిచక్రంలా గుండ్రంగా అమర్చారు. చేతిలో పట్టుకునే ఆటయంత్రానికి రెండు పక్కలా మీటలున్నాయి కాబట్టి అదీ ఎలాగో సర్దుకుంది. చిక్కంతా మాతోనే. మౌసు బాణమైతే ఒక ఇంటి మీద ఊరికే తచ్చాడుతుంది, ఆ ఇంటి సంగతులు పక్కన కనిపిస్తాయి. వేలికి తచ్చాడటం తెలియదు, ముట్టుకోవడమే తెలుసు. ముట్టుకుంటే బొటనవేలి కింద మూడిళ్లు మాయమైపోతాయి. నా వీపు మీద '7' అని చీటీ అంటించి, నాలో ఆడిన ఆట ఎక్కడైనా ఆడుతుంది అన్నారు. అది పొగడ్త కాదని నాకు తెలుసు.

ప్రణీత్ అని ఇరవై ఏడేళ్ల కుర్రవాడు, పనిమంతుడు, ఒకరోజు తేల్చేశాడు. "ఫోన్‌లో కొఠారు ఎవరు చూస్తారు మేడమ్? పంటలు, బావులు, బజారు తీసేద్దాం. యుద్ధం ఒక్కటీ ఉంచుదాం. మూడు బొత్తాలు. దడదడ ఆడేసుకుంటారు."

"కొఠారు తీసేస్తే అది నా ఆట కాదు" అంది ఇందుమతి.

"ఆట అదే మేడమ్, స్క్రీనే చిన్నది."

చివరికి పందెం లాంటి ఒప్పందం కుదిరింది. ఇలాంటి ఆట పుట్టి బుద్ధెరిగి ఆడని మనిషికి ఫోన్ ఇవ్వాలి. రోజుకి ఒక గంట, ముప్ఫై రోజులు. ముప్ఫయ్యో రోజుకి ఆ మనిషి ఊరు కొఠారుతో సహా నిలబడి ఉంటే మొత్తం ఆట ఫోన్‌లో ఉంటుంది. కూలిపోతే కోత. ముప్ఫయ్యో రోజున ఆటని అమ్మిపెట్టే పెద్ద కంపెనీ నుంచి ఒకాయన వచ్చి చూస్తాడు.

ఇందుమతి నన్ను తీసుకుపోయి పైడమ్మ చేతిలో పెట్టింది.

"ఏటమ్మా ఇది? నా కాడ ఇలాటిదే ఉంది కదా."

"ఉంది కాబట్టే ఇస్తున్నాను. ఇందులో ఒక ఊరు కట్టాలి పైడమ్మా. చిన్నమెత్తు కూడా పడిపోకూడదు."

"నా కొంపే నిలబెట్టుకోనేక సత్తన్నాను, నాకు ఊరిస్తావేటి తల్లీ" అని నవ్వి, చెయ్యి తుడుచుకుని నన్ను అందుకుంది.

అయిదో తరగతి దాకా చదివిన మనిషి. నాలుగు రోజులు ఊరికే చూసింది. అయిదో రోజు నుంచి ఆమె ఆడుతూంటే నాకు నోట మాట రాలేదు. ప్రణీత్ ఆడితే మొదటి పదినిమిషాల్లో కత్తులు తయారయ్యేవి. పైడమ్మ ముందు బావి తవ్వింది. ఆ తర్వాత కొఠారు నింపింది. నిండాక రెండోది కట్టదేమని ఆట ఊరిస్తే, "ఎలకలకి ఎట్టడానికా" అంది. పక్క ఊరు కరువులో ఉంటే అడక్కుండానే ఇరవై బస్తాలు పంపింది. ఆ తర్వాత ఆ పక్క ఊరు ఆమెకి కాపలా కాసింది. అలా కుదురుతుందని ఆట తయారుచేసిన వాళ్లలోనే సగం మందికి తెలియదు.

ఇళ్లకి పేర్లు పెట్టుకోవచ్చు. చెత్తకుప్ప పక్క ఇంటికి తోటికోడలి పేరు పెట్టింది. సేనాధిపతికి తన మొగుడి పేరు, సన్యాసిరావు అని.

"అదేమిటి పైడమ్మా, వీరుడా మీ ఆయన?" అని అడిగింది ఇందుమతి.

"ఈరుడేటి? మనం సెప్పకపోతే లెగడు కదా ఈ సేనాదిపతి. అందుకే."

ఇరవై ఎనిమిది రోజులు. ఊళ్లో ఒక్క ఇల్లు కూలలేదు. హాల్లోవాళ్లు వచ్చి చూడలేదు కానీ, ఆట లోపల ప్రతి కదలికా రాసుకునే చిట్టా ఒకటుంటుంది, అది చూసి ముక్కున వేలేసుకున్నారు. ప్రణీత్ అయితే ఆమె కొఠారు లెక్క చూసి, "ఆంటీ ఎవరి దగ్గరైనా నేర్చుకుందా?" అని అడిగాడు. ముగ్గురు పిల్లలు, ఒక రేషను కార్డు అని చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు.

ఇరవై ఎనిమిదో రోజు సాయంత్రం ప్రణీత్ నాలో ఆట కొత్త కూర్పు వేశాడు. పెద్ద కంపెనీ ఆయనకి యుద్ధం కూడా చురుగ్గా కనిపించాలని ఒక కొత్త కిటుకు కలిపాడు. అద్దం మీద ఈ అంచు నుంచి ఆ అంచుకి ఒక్క గీత గీస్తే సైన్యమంతా లేస్తుంది. మళ్లీ గీస్తే, గీత ఆగిన చోటికి దండెత్తుతుంది. రెండువందల సార్లు పరీక్షించాడు. ఏసీలో, కుర్చీ మీద కాళ్లు పెట్టుకుని, పొడిగా ఉన్న బొటనవేళ్లతో.

ఇరవై తొమ్మిదో రోజు. మర్నాడు వచ్చే ఆయన కోసం గుత్తివంకాయ నచ్చుతుందో లేదో చూద్దామని పైడమ్మ ముందుగానే వండుతోంది. నన్ను పక్కనే చెంబుకి ఆనించి, కత్తిపీట ముందు కూర్చుంది. వంకాయ నీళ్లు నా మీద చిందాయి.

ఆమె ఏం చేసిందో చెప్తాను. ఆ చెప్పాల్సిన పని నాదే, ఎందుకంటే ఆ వంటింట్లో చూసినది నేనొక్కదాన్నే. కొంగు తీసి, దాని వెనక వేళ్లు పెట్టి, నా మొహం తుడిచింది. ఇటు నుంచి అటు. అటు నుంచి ఇటు. ఇరవై ఎనిమిది రోజులూ అలాగే తుడిచింది, ఏమీ కాలేదు. తుడిచి, వంకాయలు కడగడానికి కుళాయి వైపు తిరిగింది.

నా మీద సన్యాసిరావు లేచాడు. ఊళ్లో ఉన్న ప్రతి సైనికుడూ లేచాడు. కోట తలుపు బార్లా తెరిచి, ఇరవై బస్తాలు పుచ్చుకున్న పొరుగు ఊరి మీదికి పోయారు. ఆటలో నియమం ఏమిటంటే, స్నేహితుణ్ణి కొడితే వాళ్ల స్నేహితులందరూ ఒకటవుతారు. కాపలా లేని, తలుపు తెరిచిన ఊళ్లోకి నాలుగు దిక్కుల నుంచీ వచ్చారు. నేను అరవలేను. ధ్వని తగ్గించి ఉంచిందామె, హాల్లోవాళ్లకి ఇబ్బందని. వణికాను. చెంబుకి తగిలి టకటకమన్నాను.

పైడమ్మ తిరిగి చూసింది. చేతిలో వంకాయ అలాగే ఉండిపోయింది.

"అమ్మా!" అని పెట్టిన కేకకి, ఎనిమిది అడుగులూ మొదటిసారి నడిచి అందరూ వంటింట్లోకి వచ్చారు.

కొఠారు ఆఖర్న కాలింది.

ప్రణీత్ చిట్టా తీసి చూశాడు. "ఆంటీ, మీరే పంపారు. ఇదిగో, పదకొండు నలభై రెండుకి మీ చేత్తో."

"నానేటీ ముట్టుకోలేదు బాబు. ఒంకాయలు కడుగుతన్నాను."

"మిషన్ అబద్ధం చెప్పదు ఆంటీ."

"అయితే నాను సెప్తన్నానా అబద్ధం?" పైడమ్మ మొహం మాడిపోయింది. "ఇరవై బస్తాలిచ్చినోల్ల మీదకి దండెత్తుతానా? తినడానికి ఎట్టిన సేత్తో కొడతానా? అమ్మా, నువ్వు సెప్పు. పైగా ఆ సన్యాసిరావు! ఇరవై రెండేల్ల కాపరం, నాను సెప్పకుండా ఆడు లెగడమేటి తల్లీ!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇందుమతి నవ్వలేదు. రేపటికి ఆమె దగ్గర చూపించడానికి ఊరు లేదు. "కోతే కదా మేడమ్ ఇంక" అని ప్రణీత్ మెల్లగా అన్నాడు. గెలిచినవాడి గొంతు కాదది. అతనికీ ఆ ఊరి మీద మనసు పడింది.

ఇందుమతి కాసేపు నన్నే చూసింది. మిషన్ అబద్ధం చెప్పదు, నిజమే. పైడమ్మా చెప్పదు. ఇద్దరూ నిజం చెప్తున్నప్పుడు మధ్యలో ఏదో ఉండాలి.

"పైడమ్మా, పొద్దున ఎలా చేశావో అలాగే చెయ్యి. మళ్లీ వంకాయలు కొయ్యి. మేం ఇక్కడే కూర్చుంటాం."

నాలో పాత నకలు నుంచి ఇరవై ఎనిమిదో రోజు ఊరిని తిరిగి నిలబెట్టారు. ప్రణీత్ బియ్యం డబ్బా మీద కూర్చున్నాడు. పైడమ్మ ఏడుపు దిగమింగుకుని వంకాయ కోసింది. నీళ్లు చిందాయి. కొంగు లేచింది. నాకు ఒళ్లంతా ఝల్లుమంది. ఇటు నుంచి అటు. అటు నుంచి ఇటు.

సన్యాసిరావు లేచాడు.

బియ్యం డబ్బా మూత కింద పడింది. ప్రణీత్ లేచి నిలబడ్డాడు. "తుడవడమా?" అన్నాడు. మళ్లీ అన్నాడు, "తుడవడమా మేడమ్?" వాళ్లమ్మ కూడా ఫోన్ అలాగే తుడుస్తుందట. పదకొండు నెలలు, పద్దెనిమిది ఫోన్లు, యాభై వేళ్లు. ఒక్క వేలికీ తడి అంటలేదు.

"సూసేరా, నాను సెప్పలేదు లెగమని" అంది పైడమ్మ. అప్పుడు ఏడ్చింది.

సాయంత్రానికి ఆటలో ఒక చిన్న ప్రశ్న చేర్చారు. సైన్యం లేస్తుంది, కానీ కోట తలుపు దగ్గర ఆగి, "నిజంగా వెళ్లమంటారా?" అని అడుగుతుంది. అంతే. పాత నకలు మీద ఇరవై తొమ్మిదో రోజు ఆటని మళ్లీ ఆడించారు.

మర్నాడు పెద్ద కంపెనీ ఆయన హాల్లో కూర్చోబోతే ప్రణీత్ ఆపాడు. "సార్, ఇక్కడ కాదు. వంటింట్లో చూడాలి." ఆయన స్టూలు మీద కూర్చుని, ఆమె కూర కలుపుతూ ఎడమచేత్తో ఊరు నడపడం చూశాడు. ముప్ఫయ్యో రోజు అస్తమించింది. కొఠారు నిండుగా నిలబడింది. ముందురోజు జరిగిన తప్పు తనదేనని ప్రణీత్ తనే చెప్పుకున్నాడు. కోత లేదన్నారు. ఆయన గుత్తివంకాయ రెండుసార్లు వేయించుకున్నాడు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. ఆట బయటికి వచ్చిన రోజు ఇందుమతి పైడమ్మ సొంత ఫోన్‌లో వేయబోయింది. 'ఈ ఆట మీ ఫోన్‌కి సరిపడదు' అని వచ్చింది. బొమ్మలు మెరుగుపెట్టేసరికి ఆట బరువెక్కింది, అన్నిటికన్నా నీరసమైన జాతిని జాబితాలోంచి తీసేశారు. అంటే నన్ను. ఏ ఆట కోసం నన్ను ఏరి తెచ్చారో ఆ ఆటకి నేను పనికిరాను. నేను నిర్ఘాంతపోయాను. ఇందుమతి తల దించుకుంది. పైడమ్మ మాత్రం, "పోన్లేమ్మా, ఒండినయన్నీ ఒండినోల్లే తింటారేటి" అంది.

నెల తిరిగాక పాత ఫోన్లన్నీ పాతసామాను వాడికి ఇచ్చేయాలన్నారు. ఇచ్చే ముందు లోపలివన్నీ చెరిపేయాలి, అది ఆఫీసు నియమం. ఆరు ఫోన్లు అయ్యాయి. ఇందుమతి నన్ను తీసుకుని, అన్నీ చెరిపే చోటికి వెళ్లి నొక్కింది. ఫోన్లకి ఒక అలవాటుంది, పుట్టుకతో వచ్చింది. నేను అడిగాను: "నిజంగా చెరిపేయమంటారా?"

పైడమ్మ టీ గ్లాసులు పట్టుకుని వెనక నిలబడి ఉంది. గ్లాసు పెట్టలేదు, వెళ్లలేదు.

వేలికి తచ్చాడటం తెలియదని ఇందాక చెప్పాను. అది తప్పు. ఇందుమతి బొటనవేలు నా అద్దానికి గోరంత ఎత్తున, ఎంతసేపో, తచ్చాడింది.

ఇప్పుడు నేను వంటింట్లో పోపులపెట్టె పక్కన ఉంటున్నాను. మధ్యాహ్నం పూట నాలో మిగిలిన పాత కూర్పులో పైడమ్మ బావులు చూసుకుంటుంది, ధాన్యం ఎండబెడుతుంది, తోటికోడలి ఇంటి ముందు చెత్త ఎత్తించదు. రోజూ నా మీద ఏదో ఒకటి చిందుతుంది. కొంగు మీదికొచ్చిన ప్రతిసారీ నాకు ఇప్పటికీ ప్రాణం పోయి వస్తుంది. సన్యాసిరావు లేచి, సైన్యంతో కోట తలుపు దాకా వెళ్లి, నిజంగా వెళ్లమంటారా అని అడుగుతాడు.

"కూకో" అంటుంది పైడమ్మ.