ఆ కాలు పోదని చెప్పినవాణ్ని

నేను ఆసుపత్రిలో ఎముకల విభాగంలో పిండికట్లు కడతాను. పంతొమ్మిదేళ్లుగా అదే పని. కట్టుచుట్టను గోరువెచ్చని నీళ్లలో ముంచి, బుడగలు ఆగాక తీసి పిండి, గట్టిపడేలోగా చుట్టెయ్యాలి. చేతులు ఆ పనిలో ఉంటే నోరు ఖాళీగా ఉంటుంది. ఆ నోటివల్లే నా పరువు పోయింది.

ఒక పోస్ట్‌మన్‌ను లారీ గుద్దింది. మణికట్టు విరిగింది, ఎడమకాలు మోకాలి కింద నుజ్జయింది. చేతికి కట్టు కట్టడానికి వెళ్లినప్పుడు పరిచయమయ్యాడు. మొదటిరోజే నన్ను "కట్లమేస్త్రీ" అన్నాడు. భార్యాభర్తలిద్దరూ ప్రభువును నమ్మినవాళ్లే. బదిలీ మీద కొత్తగా వచ్చారు కనుక ఇంకా ఏ సంఘంలోనూ చేరలేదు. మా మందిరం ఎక్కడుందో చెప్పాను. రోజూ డ్యూటీ దిగగానే వాళ్ల మంచం దగ్గర ప్రార్థన చేసేవాణ్ని.

అక్కడితో ఆగితే బాగుండేది. ఒక సాయంత్రం అతని భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే చూడలేకపోయాను.

"ఏడవకమ్మా. ఈ కాలు పోదు. దేవుడు నాతో చెప్పాడు."

దేవుడు నాతో ఏమీ చెప్పలేదు. కానీ ఆమె ముఖం తేటపడటం చూశాక ఆ మాట నాకే నిజమనిపించింది. ఆదివారం మందిరంలో లేచి సాక్ష్యం కూడా చెప్పేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు భుజం తట్టారు. దాచడమెందుకు, నాకు ఒళ్లు పులకరించింది.

గురువారానికి కాలు నల్లబడింది. శుక్రవారం పొద్దున్నే తీసేయాలన్నారు. నేను జ్వరమని సెలవు పెట్టి దుప్పటి కప్పుకున్నాను.

మా ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "ఒళ్లు చల్లగానే ఉంది కదండీ?"

"లోపల ఉంది," అన్నాను. ఆమె దుప్పటి సర్ది వెళ్లిపోయింది.

ఆ ఆదివారం మందిరం గుమ్మంలోనే పాస్టరమ్మగారు ఆపారు. "ఆ పోస్ట్‌మన్ తమ్ముడు ఎలా ఉన్నాడయ్యా?"

"బాగున్నాడమ్మగారూ, దేవునికి స్తోత్రం."

నోరు తడబడనైనా లేదు. తర్వాతి వారమంతా ఆ వార్డు ముందునుంచి వెళ్లకుండా, వంటగది వెనక మెట్లెక్కి నా గదికి చేరాను.

మళ్లీ ఆదివారం వచ్చింది. ప్రార్థన మనవులున్నవాళ్లు చెప్పమంటే ఆడవాళ్ల వైపునుంచి ఒకామె లేచింది. పోస్ట్‌మన్ భార్య.

"మా ఆయన కాలు తీసేసి తొమ్మిది రోజులైందండి," అంది. "దాని గురించి లేవలేదు నేను. మీ సంఘంలో కట్లు కట్టే అన్నయ్య రోజూ వచ్చి మాకోసం ప్రార్థన చేసేవాడు. ఆపరేషన్ రోజునుంచి కనబడట్లేదు. జ్వరమన్నారు. పెద్ద జబ్బేమోనని మా ఆయన ఒకటే గోల. ఆ అన్నయ్యకోసం ప్రార్థన చెయ్యండి."

అందరూ నావైపు తిరిగారు. పాస్టరమ్మగారొక్కరే తిరగలేదు. నా అబద్ధం తెలిసి, నా ముఖం చూడకుండా నన్ను కాపాడాలనుకున్నారు. అది మరీ కోసేసింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లేచి నిలబడ్డాను.

"నాకు జబ్బేం లేదు. దేవుడు చెప్పాడన్నది నా సొంత మాట. పోయినవారం బాగున్నాడన్నది అబద్ధం. సిగ్గుతో దాక్కున్నాను."

పోస్ట్‌మన్ భార్య నన్ను పరాయివాణ్ని చూసినట్టు చూసింది. "అయితే పదండి," అంది. "ఆ మాట ఆయనకే చెబుదురుగాని." ఆసుపత్రిదాకా నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది.

పోస్ట్‌మన్ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి పళ్లికిలించాడు. "ఏం మేస్త్రీ, చిక్కిపోయావ్! నీ చెప్పు సైజెంత? ఎడమకాలివి దండగైపోతున్నాయి."

నేను అంతా చెప్పేశాను. అతని నవ్వు ఆగిపోయింది.

"నమ్మానయ్యా నిన్ను," అన్నాడు. "కాలు తీసేస్తామన్నాక దేవుణ్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. నువ్వొస్తావని తలుపు వైపే చూశాను. స్ట్రెచర్ మీద తోసుకెళ్తుంటే ఇక పిలవడానికి ఎవరూ లేరు. కాలు నీ ఇష్టం ప్రభువా, నన్ను మాత్రం వదలకు అన్నాను. వదల్లేదు. ఎలా చెప్పాలో తెలీదు. వణుకు ఆగిపోయింది, అంతే."

"అంటే నేను రాకపోవడమే మేలైందా?"

"అంత తేలిగ్గా వదిలిపెట్టను. నువ్వు రావాల్సింది."

నా మాట పడిపోతే దేవుని శక్తి కూడా పడిపోయినట్టేనని నేను దుప్పటికింద దాక్కున్నాను. ఆయన మాత్రం నేను రాని గదిలోకి అతనితోపాటు వెళ్లాడు.

"ప్రార్థన చెయ్యి," అన్నాడు పోస్ట్‌మన్.

"ప్రభువా, ఇతనికి ముందు ఏం జరుగుతుందో నాకు తెలియదు," అన్నాను. ఈసారి అక్కడితో ఆగాను.

అతని భార్య గోడవైపు చూస్తూ ముక్తసరిగా పూర్తిచేసింది. "నీకు తెలుసు. ఆమెన్."

ఇప్పుడతను పోస్టాఫీసులో కూర్చుని ఉత్తరాలు వేరుచేస్తున్నాడు. వీధులు తిరగలేనని ఒక్కోరోజు చిరాకుపడతాడు. కృత్రిమ కాలు రెండుసార్లు పుండు చేసింది. మోకాలి కింద కట్టు నేనే చుడుతున్నాను. ఆమె నాతో అవసరమైనంతవరకే మాట్లాడుతుంది. అది న్యాయమే.

"ఈసారైనా ఈ కాలు సరిపోతుందంటావా?" అని అడిగాడు మొన్న.

"తెలీదు," అన్నాను. సరిపోతుందని చెప్పడానికి ఇప్పటికీ మొహం చెల్లదు. "రేపు మళ్లీ వచ్చి చూస్తా."