నడిచేవాళ్ళ లైను

శనివారం పొద్దున్న ఆమె లేస్తూనే చేసే మొదటి పని తువ్వాళ్ళు మడతపెట్టడం. భర్తకి పెద్దది, పిల్లలిద్దరికీ చెరొకటి, అత్తగారికి కాళ్ళు తుడుచుకోవడానికి చిన్నది. ఆ పైన ఈత కళ్ళద్దాలు, టోపీలు, షాంపూ, దువ్వెన, పొడి బట్టలు, తడి బట్టలు కుక్కడానికి ప్లాస్టిక్ సంచి. నీళ్ళలోంచి వచ్చేసరికి అందరికీ ఆకలి నకనకలాడుతుంది కాబట్టి డజను ఉడికించిన గుడ్లు, అరటిపళ్ళు. అన్నీ పెట్టాక సంచి జిప్పు పడదు. మోకాలితో నొక్కిపట్టి లాగాలి. "ఈతకెళ్తున్నామా, ఇల్లు మారుతున్నామా?" అంటాడు భర్త, కారు తాళం వేలికి తిప్పుకుంటూ. ఆ జోకుకి ఈ మధ్యే రెండేళ్ళు నిండాయి. పిల్లలు ఇప్పటికీ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. నవ్వకపోతే "ఏమైంది నీకు?" అంటాడు, దానికి జవాబు చెప్పే తీరిక ఆమెకి లేదు.

తమాషా ఏమిటంటే, ఆ ఈతకొలను పాసు ఆ ఇంటికి వచ్చింది ఆమె నడుము కోసం. పదకొండేళ్ళుగా ఆమె ఒక పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. ఆయన పేషెంటు నోట్లో పని చేస్తుంటే పక్కన వంగి నిలబడి, ఊరే లాలాజలాన్ని గొట్టంతో పీల్చడం ఆమె పని. డాక్టరు వెలుతురుకి అడ్డం రాకూడదు, చేతికి అడ్డం రాకూడదు. కాబట్టి ఆమె ఎప్పుడూ కొంచెం ఎడమకి, కొంచెం కిందికి, ఒంటి కాలి మీద బరువేసి వంగి ఉంటుంది. "నువ్వుంటే నాకు మూడో చెయ్యున్నట్టేనమ్మా," అంటాడాయన మెచ్చుకోలుగా. ఇంట్లో ఆమె ఎన్నో చెయ్యో ఎవరూ లెక్క వెయ్యలేదు. నడుము పట్టేసి ఎముకల డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, ఆవిడ ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పట్టి చూసి ఉన్నమాట చెప్పేసింది: "మాత్రలతో పోయేది కాదిది. వారానికి మూడుసార్లు నీళ్ళలో అరగంట నడువు. లేదంటే నాలుగేళ్ళలో ఇలా వంగినదానివి వంగినట్టే ఉండిపోతావు తల్లీ." చీటీ కూడా రాసిచ్చింది. ఆ పేటలో ఉన్న రిక్రియేషన్ సెంటర్‌లో పాసు కోసం జనం ఆర్నెల్లు ఎదురుచూస్తారు. డాక్టరు చీటీ చూపిస్తే వారంలో ఇచ్చారు, అదీ ఇంటిల్లిపాదికీ కలిపి. భర్త ఆ రోజు ఎంత సంబరపడ్డాడో! "చూశావా, నీ నడుము నొప్పి కూడా పనికొచ్చింది," అన్నాడు.

అలా రెండేళ్ళు గడిచాయి. ఆమె ఇంతవరకూ నీళ్ళలో కాలు పెట్టలేదు.

ఎవరైనా వద్దన్నారా అంటే, ఒక్కరూ అనలేదు. అందుకే ఆమెకి ఎవరి మీదా కోపం నిలవదు. సెంటర్‌లో అద్దాల గోడ పక్కన పొడుగాటి ఈతకొలను, ఎరుపూ తెలుపూ బిళ్ళల తాళ్ళతో ఆరు లైన్లు. ఆరోది గోడ వారన ఉంటుంది, పట్టుకోవడానికి ఇనుప కడ్డీతో. దాని దగ్గర "నడిచేవారికి మాత్రమే" అని బోర్డు. ఆమె కుర్చీ సరిగ్గా ఆ బోర్డు కిందే. భర్త మూడో లైన్లో ఈదుతాడు. వాళ్ళ ఆఫీసువాళ్ళు నలుగురు ఎవరెన్ని రౌండ్లు కొట్టారో గోడ మీది పట్టీలో రాసుకుంటారు. ఆ రౌండ్లు ఎంచడం ఆమె పని. ఒక్కసారి కళ్ళు పక్కకి తిరిగాయా, "ముప్పై ఏడా, ముప్పై ఎనిమిదా? ఒక్క పని అప్పజెప్తే..." అని నీళ్ళలోంచి తల బయటపెట్టి అరుస్తాడు. ఈలోగా పిల్లదాని టోపీ జారుతుంది, పిల్లాడికి ముక్కులో నీళ్ళు పోతాయి. అత్తగారు బల్ల మీద కళ్ళు మూసుకుని కూచుంటుంది. "నడుముకి ఈతేమిటమ్మా, మా కాలంలో మాకూ నడుములుండేవి. అవి నొప్పెట్టేవి కావు, పని చేసేవి," అంటుంది కళ్ళు తెరవకుండానే. అంతా అయ్యాక భర్త తువ్వాలు అందుకుంటూ, "నువ్వూ దిగొచ్చుగా, ఎవరొద్దన్నారు?" అంటాడు. అప్పటికి ఆమె ఒడిలో నాలుగు తడి తువ్వాళ్ళు ఉంటాయి, కొలను మూసే వేళా అవుతుంది.

మొన్న సోమవారం క్లినిక్‌లో కింద పడిన పత్తి ఉండ తియ్యడానికి వంగింది, ఇక లేవలేకపోయింది. ఎంత ప్రయత్నించినా వెన్ను కదల్లేదు. చేతిలో పళ్ళెం, కళ్ళ ముందు నేల పలకలు, పేషెంటు బూట్లు. అలా ఎంతసేపు ఉండిపోయిందో. డాక్టరు తల తిప్పి, "ఏం పోయింది, వెతుకుతున్నావు?" అన్నాడు. ఆమె "ఏం లేదు సార్" అంది. సాయంత్రం ఇంట్లో చెబితే భర్త నిజంగానే బాధపడ్డాడు. "అదే నేను మొత్తుకునేది, నీళ్ళల్లో దిగు అని. నా మాట ఎప్పుడు విన్నావు గనక? ఈ శనివారం మాత్రం కాదులే, వంద కొట్టాలి నేను. నువ్వు ఎంచాలి."

ఆమె గురువారం ఒక పూట సెలవు పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. అబద్ధమూ ఆడలేదు, అడిగినవాళ్ళే లేరు.

"ఏంటక్కా, ఒక్కరే వచ్చారు? పిల్లలేరీ? సారేరీ?" అని కౌంటర్‌లో అమ్మాయి ఆమె వెనక్కి తొంగి చూసింది. రెండేళ్ళ కిందట కొన్న ఈతబట్టలకి అట్టముక్క ఇంకా వేలాడుతూనే ఉంది. బట్టలు మార్చుకునే గదిలో ఆమె ఆ దారం పంటితో కొరికింది. అద్దంలో చూసుకోలేదు. నిచ్చెన కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది.

నీళ్ళు నడుము దాకా వచ్చేసరికి ఆమె నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది, బరువు దించుకున్న కూలీ మూలిగినట్టు. వెన్నులో ఎక్కడో బిగుసుకున్న ముడి మెల్లగా వదులైంది. పదకొండేళ్ళలో మొదటిసారి ఆమెని ఇంకెవరో మోస్తున్నారు. కళ్ళు చెమర్చాయి. నీళ్ళలో ఉన్నప్పుడు ఎవరికి తెలుస్తుంది, అదొక సుఖం. ఒక చివర నుంచి ఇంకో చివరికి నడిచింది. రెండోసారి తిరిగేసరికి తల పని మొదలుపెట్టింది. పిల్లాడి సైన్సు పుస్తకానికి అట్ట వెయ్యలేదు, అత్తగారి మందులు రేపటితో అయిపోతాయి. పక్క లైన్లో ఎవరో ఈదుతుంటే, చెప్పినవాళ్ళు లేకపోయినా, ఆమె ఆ మనిషి రౌండ్లు ఎంచుతోంది. నాలుగు. అయిదు. ఛీ, అనుకుని కళ్ళు తిప్పుకుంది. నడక వేగం పెరిగింది, వంటగదికీ పెరడుకీ మధ్య నడిచినట్టు. ముందు పూలపూల టోపీ పెట్టుకున్న ఒక ముసలావిడ నడుస్తోంది. వెనక్కి తిరిగి నవ్వింది. "మెల్లగా నడువమ్మా. నీళ్ళెక్కడికీ పోవు."

మెల్లగా ఎలా నడవాలో ఆమెకి తెలియలేదు. అంతదాకా ఎవరి అవసరానికో నడిచిన కాళ్ళు అవి. ఊరికే నడవమంటే ఎటు తోసుకెళ్ళాలో వాటికి తోచలేదు.

అప్పుడు అద్దాల తలుపు దగ్గర్నుంచి ఒక మగ గొంతు: "ఇదిగో!"

ఆ పూట కొలనులో అయిదుగురు ఆడవాళ్ళున్నారు. అయిదు తలలూ ఒక్కసారే తిరిగాయి. ఈదుతున్న ఆవిడ కూడా మధ్యలో ఆగి తిరిగింది. ఆ మనిషి తన భార్య కోసం వచ్చాడు, "కారు తాళం ఎక్కడ పెట్టి చచ్చావ్?" అంటున్నాడు. భార్య నీళ్ళలోంచే, "మీ జేబులోనే ఉంది చూస్కోండి!" అంది. మిగతావాళ్ళు గొల్లున నవ్వారు.

"మా ఆయనేమో అనుకున్నా!" అంది ఒకావిడ.

"మా ఆయన ఊళ్ళోనే లేడు తల్లీ, అయినా తిరిగాను చూడు!" అంది ఇంకో ఆవిడ, నవ్వు ఆపుకోలేక.

ఆమె నవ్వలేదు. ఎందుకంటే ఆమె అప్పటికే నిచ్చెన మీద మూడో మెట్టు దగ్గర ఉంది. ఎప్పుడు కడ్డీ పట్టుకుందో, ఎప్పుడు ఎక్కిందో తెలియదు. ఒంటి మీంచి నీళ్ళు కారుతున్నాయి, గోడ మీద గడియారం చూస్తే దిగి తొమ్మిది నిమిషాలయింది. ముసలావిడ చెయ్యి చాచి, "దా, మళ్ళీ దిగు. నిన్ను కాదు," అంది. దిగాలనే అనుకుంది ఆమె. కాలు కిందికి పెట్టాలని ఎంతో ప్రయత్నించింది. కాలు వినలేదు. "ఇంట్లో పనుందండీ," అంది. ఆ వేళప్పుడు ఇంట్లో ఏ పనీ లేదు. ఎవరైనా చెయ్యి పట్టుకుని లాగి ఉంటే, లాగినవాణ్ణి తిట్టుకోవచ్చు. ఆమె ఎవర్ని తిట్టాలి?

ఇంటికొచ్చి తడి బట్టలు స్నానాలగదిలో బకెట్టు కింద దాచి, జుట్టు ముడేసుకుని, గిన్నెలు తోమింది. వెన్నులో ముడి మళ్ళీ బిగుసుకుంటుంటే ఊరుకుంది. కాసేపటికి దండెం దగ్గర్నుంచి అత్తగారు పిలిచింది.

"అమ్మాయ్. బకెట్టు కింద పెడితే బూజు పడుతుంది. నా దుప్పటి వెనకాల ఆరేశాను. వాడొచ్చేలోగా ఆరిపోతుందిలే."

ఆమె చేతులు తుడుచుకుంటూ అటు వచ్చింది. అత్తగారు దుప్పటి అంచు లాగి సర్దుతోంది, ఇటు చూడకుండా.

"ఎంతసేపున్నావు?"

"తొమ్మిది నిమిషాలు, అత్తయ్యా. ఎవరో ఎవర్నో పిలిచారు. నన్నే అనుకుని పైకొచ్చేశాను. మళ్ళీ దిగలేకపోయాను."

"నాకంటే నయమే," అంది అత్తగారు. "పాసు తీసుకున్న కొత్తలో, మీరంతా పనుల మీద వెళ్ళాక, ఒకనాడు నేనూ వెళ్ళాను. అక్కడ అద్దెకిచ్చే బట్టలేవో తొడుక్కున్నాను. రెండు మెట్లు దిగాను. అంతే. పిలిచినట్టయింది, వచ్చేశాను."

"ఎవరు పిలిచారత్తయ్యా?"

అత్తగారు దుప్పటి మీద ముడతని అరచేత్తో సాపు చేసింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

"మీ మావయ్య," అంది. "అప్పటికి ఆయన పోయి మూడేళ్ళమ్మా."