ఒకే పేరు మీద ఇద్దరు

ఆ పళ్ళ గిడ్డంగిలో ఆమెను అందరూ ‘కంప్యూటరమ్మ’ అనేవారు. గేటు దగ్గరి తెర, కంట్రోల్ రూములో గోడకున్న బోర్డు, వాటి వెనక నడిచే ప్రోగ్రాం, అన్నీ ఆమె చేతి పనే. ఆ రోజు మాత్రం ప్రింటర్ మొరాయిస్తోందంటే వచ్చింది.

అక్కడివి మామూలు చల్లగదులు కావు. ఆపిల్ పళ్ళు నెలల తరబడి పాడవకుండా ఉండాలని, గది నిండగానే తలుపు బిగించి, లోపలి గాలిని తోసేసి నైట్రోజన్ నింపుతారు. అందులో చిక్కుకున్న మనిషికి ఊపిరి అందడం లేదన్న సంగతి కూడా తెలియదు. కునుకు పట్టినట్టు ఒరిగిపోతాడు. అందుకే లోపలికి వెళ్ళేవాళ్ళు గేటు దగ్గర తమ పేరు, గది నంబరు కొట్టాలి. బయటికొచ్చాక పేరు మాత్రమే మళ్ళీ కొట్టాలి. బోర్డు మీద ఏ గదికి ఎదురుగా ఒక్క పేరున్నా ఆ గదిలోకి నైట్రోజన్ వెళ్ళదు.

కోతల కాలంలో పనిలోకి ఎవరొస్తారో, ఎవరు మానేస్తారో ముందుగా చెప్పలేం. పేర్లన్నీ ముందే ప్రోగ్రాంలో రాసిపెట్టుకోవడం కుదరదు. అందుకని ఎవరు ఏ పేరు కొడితే ఆ పేరుతో అప్పటికప్పుడు, ప్రోగ్రాం నడుస్తుండగానే, దాని లోపల చిన్న గూడులాంటి ఒక అర తయారయ్యేలా రాసిందామె. వాళ్ళు వెళ్ళిన గది నంబరు ఆ అరలో పడుతుంది. బయటికొచ్చి ఉత్త పేరు కొడితే అర చెరిగిపోతుంది. ఇన్నాళ్ళూ ఏ పేచీ రాలేదు.

ఆమె ప్రింటర్ మూత విప్పుతుండగా ప్యాకింగ్‌లో పనిచేసే ఒకామె టిఫిన్ డబ్బాతో కంట్రోల్ రూములోకి తొంగిచూసింది.

“బాబాయ్, మా ఆయన ఏ గదిలో ఉన్నాడు? ఫోను కలవట్లేదు.”

అందరూ బాబాయ్ అని పిలిచే ఆపరేటర్ బోర్డు వైపు తలెత్తాడు. “పొట్టి కదా, మూడో గదిలో ఉన్నాడమ్మా. ఆ ఇనప గోడల్లో ఫోను ఎక్కడ కలుస్తుంది?”

ఆమె వెళ్ళింది. బాబాయ్ ఐదో గది తలుపు బిగించిన కబురు అందుకుని, ఎదురుగా పేరేదీ లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని, మీట నొక్కాడు. గోడ అవతల గొట్టాల్లో బుసబుసమని చప్పుడు మొదలైంది.

కాసేపటికి ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి విసుగ్గా ఉంది. వెనకాలే ఒక కురచ మనిషి.

“బాబాయ్, కళ్ళజోడు మార్చుకో. మూడో గదిలో ఉన్నది అసలు పొట్టి. మా ఆయన పొడుగు పొట్టి!”

పొడుగ్గా తాటిచెట్టులా ఉంటాడని వెక్కిరింతగా ఆమె భర్తకు కూడా ఆ పేరే పెట్టారు. బాబాయ్ నవ్వాడు. కంప్యూటరమ్మ నవ్వలేదు. చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేసింది.

“గేటు దగ్గర మీరిద్దరూ ఏమని కొడతారు?”

“పొట్టి అనే,” అన్నాడు కురచాయన. “ఎప్పుడూ వేరువేరు షిఫ్టులు మావి. ఇవాళే ఒకేసారి పడ్డాం.”

“మీకంటే ముందు ఆయన లోపలికెళ్ళాడా?”

“ఆఁ. ఐదో గదిలో ఫ్యాన్ ఏదో కొట్టుకుంటోందని వెళ్ళాడు.”

కంప్యూటరమ్మ చప్పున బోర్డు వైపు తిరిగింది. మొదటి పొట్టి కోసం తయారైన అరలోనే రెండో పొట్టి వచ్చి కూర్చున్నాడు. ఐదు చెరిగిపోయి మూడు పడింది.

“ఐదో గది ఆపండి. ఇప్పుడే!”

“బోర్డు మీద ఎవరూ లేరు కదమ్మా. మేనేజర్ గారిని అడక్కుండా తలుపు తీస్తే...”

“బోర్డు తప్పు చెబుతోంది బాబాయ్! రాసిందాన్ని నేనే చెబుతున్నా. లోపల మనిషున్నాడు!”

బాబాయ్ ఒక్క ఉదుటున లేచాడు. ఎర్ర మీట మీద గుద్దాడు. బుసబుసలు ఆగాయి. ఇంకెవరి మాట కోసమూ ఆగకుండా గాలి సిలిండర్, ముసుగు తగిలించుకుంటూ బయటికి పరిగెత్తాడు. అసలు పొట్టి ఇంకో ముసుగు లాక్కుని అతని వెంటపడ్డాడు.

బోల్టులు విప్పే తొందరలో పానా రెండుసార్లు జారింది. తలుపు తెరుచుకోగానే పొడుగాయన భార్య లోపలికి దూకబోయింది. కంప్యూటరమ్మ ఆమె నడుము పట్టేసుకుంది.

“వదులు! మా ఆయన లోపలున్నాడు!”

“వెళ్తే నువ్వూ పడిపోతావక్కా. వాళ్ళు తెస్తారు. ఆగు.”

ఆమె మోచేతులతో పొడిచింది, గోళ్ళతో రక్కింది. కంప్యూటరమ్మ పట్టు వదల్లేదు.

అతను తలుపు పక్కనే పడి ఉన్నాడు. తలుపు బాదీ బాదీ పిడికిళ్ళు కమిలిపోయాయి. యంత్రాల హోరులో ఎవరికీ వినపడలేదు. ఇద్దరూ చెరో జబ్బా పట్టి ఈడ్చుకొచ్చారు. పెదాలు నీలంగా ఉన్నాయి. బాబాయ్ ఆక్సిజన్ పెట్టాడు. అసలు పొట్టి చెంపలు తడుతూ, “లేరా, లేరా పొడుగోడా,” అని ఏడుస్తున్నాడు. ఎంతసేపటికో ఛాతీ ఎగిసింది. దగ్గు వచ్చింది. అతని భార్య నేల మీద కూలబడిపోయింది.

అంబులెన్స్ ఎక్కబోతూ ఆమె వెనక్కి తిరిగింది. “నీ కంప్యూటర్‌లో మా ఆయన ఎక్కడికి పోయాడు?”

“ఒకే పేరు మీద ఇద్దర్ని పెట్టడం దానికి రాదక్కా. నేను నేర్పలేదు. రెండో మనిషి రాగానే మొదటి మనిషిని తుడిచేసింది.”

ఆమె అంబులెన్స్ ఎక్కి భర్త పక్కన కూర్చుంది.

“ఒకడికి పేరు మార్చేస్తే పోతుంది కదా?” అన్నాడు మేనేజర్ ఆ సాయంత్రం.

“రేపు ఇంకో ఇద్దరొస్తారు సార్. ఇది సరిచేసేదాకా ఏ గదిలోకీ గ్యాస్ వదలొద్దు,” అని ఆమె అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుంది. మనిషికో కార్డు, కార్డుకో నంబరు. అర ఇక ఆ నంబరు మీదే పుడుతుంది. పేరు ఆ అర లోపల, బోర్డు మీద చూపడానికే ఉంటుంది.

పొడుగాయన కోలుకుని పనిలోకి వచ్చిన రోజు, అతని భార్య ఇద్దరు పొట్టిలనూ గేటు దగ్గర నిలబెట్టి కార్డులు పెట్టించింది. తాను కంట్రోల్ రూములోకి వచ్చి బోర్డు చూసింది. మూడో గది ఎదురుగా పొట్టి, ఐదో గది ఎదురుగా పొట్టి.

“ఇప్పుడు అసలు పొట్టిని ఒక్కణ్ణే బయటికి రమ్మను బాబాయ్,” అంది.

అసలు పొట్టి కార్డు పెట్టాడు. మూడు దగ్గర పేరు పోయింది. ఐదు దగ్గర అలాగే ఉంది. ఆమె దాన్ని చాలాసేపు చూసి, కంప్యూటరమ్మ చేతి మీది గోళ్ళ గాట్లను ఒకసారి వేళ్ళతో తడిమి, ప్యాకింగ్‌కి వెళ్ళిపోయింది.